బోయిగూడ మెట్ల మీద లాటిన్

శుక్రవారం పొద్దున్న ఫోను మోగింది. అవతల యాదమ్మ. కొడుకు సెల్‌ఫోను తీసుకుని చేసినట్టుంది, మామూలుకన్నా గట్టిగా మాట్లాడుతోంది. "బిడ్డా, టీచరమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, జెరసేపు ఒరుగుత అన్నది, గంతే. కథ సుత సగంలనే ఉన్నది."

చావు కబురు మధ్యలో కథ గొడవేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నాకు మాత్రం ఆ చివరి మాట విన్నాకే ఏడుపొచ్చింది. ఆ కథలేమిటో, కూరగాయలమ్మే యాదమ్మకి వాటితో పనేమిటో మీకు చెబుదామనే ఇది రాస్తున్నాను. మా టీచర్‌గారి గురించి పేపర్లో ఎవరూ రాయరు. ఆవిడకి బిరుదుల్లేవు, అచ్చయిన పుస్తకం లేదు. లాటిన్ చదువుతూ నవ్వడం ఎలాగో తెలిసిన మనిషిని నా జన్మలో ఆవిడ ఒక్కరినే చూశాను.

టీచర్‌గారు ఎక్కడో కోస్తాలో మిషను హాస్టల్లో పెరిగి, సికింద్రాబాద్‌లో ఒక ఆడపిల్లల బడికి లాటిన్ చెప్పడానికి వచ్చారు. కొన్నాళ్లకి ఆ బడివాళ్లు లాటిన్ ఎత్తేశారు. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా ఇంగ్లీషు చెప్పారు. "లాటిన్ మానేసింది బడి, నేను కాదు" అనేవారు. పెళ్లి చేసుకోలేదు. బోయిగూడలో సందు చివర రెండు గదుల ఇల్లు, వీధిలోకి మూడు మెట్లు. వచ్చి ఇన్నేళ్లయినా ఆవిడ మాటతీరు కోస్తాదే. ఆ సందులో అందరూ ఉర్దూ కలిపి మాట్లాడుతుంటే ఆవిడ మాత్రం "ఏమండీ, కాస్త జరుగుతారా" అని గేదెలకి కూడా మర్యాద ఇచ్చేవారు.

నేను ఆవిడ దగ్గరికి వెళ్లింది చదువు మీద ప్రేమతో కాదు, భయంతో. మాది మల్కాజ్‌గిరి. నాన్న రైల్వేలో గుమాస్తా. మా చర్చిలో ఆడపిల్ల బైబిల్ కాలేజీకి వెళ్లి క్రైస్తవ సంఘ చరిత్రలో పై చదువు చదవడం నాతోనే మొదలు. ఆ సంగతి నాన్న ఆదివారం ఆరాధన అయ్యాక దొరికిన ప్రతివాళ్లకీ చెప్పేవారు. పాత సంఘాల కాగితాలన్నీ లాటిన్‌లో ఉంటాయి కాబట్టి ఆ చదువుకి లాటిన్ పేపరు తప్పనిసరి. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తప్పాను. మూడోసారి తప్పితే సీటు పోతుంది. పోతే నేనేమవుతానో అన్నది అటుంచి, ఆదివారం చర్చి గుమ్మంలో నాన్న మొహం ఎక్కడ పెట్టుకుంటారన్నదే నా బెంగ.

మా ప్రిన్సిపాల్ గారు చీటీ రాసిచ్చి పంపితే ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లాను. చేతిలో ఇటుకంత వ్యాకరణం పుస్తకం. టీచర్‌గారు దాన్ని అందుకుని, బరువు చూసి, తీసుకెళ్లి బియ్యం డబ్బా మీద పెట్టి వచ్చారు.

"పరీక్ష ముందురోజు వచ్చి పట్టుకెళ్లు. ఇందులో మాటలు మారే పట్టికలన్నీ నీకు వచ్చుగా?"

"వచ్చండి. నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

"మరి పేజీ ఇస్తే చదవగలవా?"

ఆవిడ అలమర తెరిచి గోధుమరంగు అట్ట వేసిన నోటుబుక్కు ఒకటి తీసి నా ఒళ్లో పెట్టారు. లోపల ఆవిడ గుండ్రటి చేతిరాత. బోయిగూడలో ఒక పిల్లి ఉంది. పిల్లికి ఆకలేసింది. పిల్లి పాస్టరుగారి ఇంటికి వెళ్లింది. ఈ ధోరణిలో ఆరు పేజీలు, అంతా లాటిన్‌లో. నాకు ఇరవై నాలుగేళ్లు. సంఘ పితరుల గ్రంథాలు చదవాల్సినదాన్ని, పిల్లి కథ చదవమంటారా అని ఒళ్లు మండిపోయింది. తిరుగు ప్రయాణంలో లోకల్ రైల్లో ఎవరైనా చూస్తారేమోనని ఆ నోటుబుక్కుని చున్నీ కింద దాచుకున్నాను.

మల్కాజ్‌గిరిలో దిగేసరికి పిల్లి పాస్టరుగారి భోజనంబల్ల ఎక్కింది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. ప్రార్థన పొడుగ్గా సాగుతోంది. కళ్లు తెరిచేసరికి చేప లేదు. ఫ్లాట్‌ఫారం మీద నిలబడి నవ్వాను. ఇంటికి సగం దూరం నడిచాక గానీ తట్టలేదు, నేను నవ్వింది లాటిన్‌లో రాసినదానికని.

ఆవిడ పద్ధతి అదే. అలమరలో అలాంటి నోటుబుక్కులు ముప్ఫై పైనే ఉండేవి, అన్నీ ఆవిడ సొంతంగా రాసినవే. మొదటి దాంట్లో వందకి మించి వేర్వేరు మాటలుండవు. ఆపైన ఒక్కొక్క కథలో అయిదో ఆరో కొత్త మాటలు, అవి ఎర్ర సిరాతో. పక్కన అర్థం రాయరు, బొమ్మ వేస్తారు. మేక అంటే మేక బొమ్మ, త్రాసు అంటే త్రాసు బొమ్మ. ఆ బొమ్మల్లో ఆవిడ మేకకీ కుక్కకీ తేడా ఉండేది కాదు, ఆ సంగతి ఒప్పుకునేవారు కూడా కాదు. కొత్త మాట ఏదైనా ఒక కథలో ఆరేడుసార్లు తిరిగి తిరిగి వచ్చేది. "ఒకసారి వస్తే చుట్టం, ఆరుసార్లు వస్తే ఇంటిమనిషి" అనేవారు. ప్రతి నోటుబుక్కు మొదటి పేజీలో ఒకటే వాక్యం: లెగె, రీదే, ఇతెరుమ్ లెగె. చదువు, నవ్వు, మళ్లీ చదువు.

డిక్షనరీ విషయంలో ఆవిడది గట్టి పట్టు. పేజీకి రెండుసార్లు చూడొచ్చు. మూడోసారి లేస్తే ఆ నోటుబుక్కు లాగేసుకుని అంతకన్నా తేలికైంది ఇచ్చేవారు. ఇది శిక్షేమో అనుకుని మొదట్లో కుంగిపోయేదాన్ని. "కాలికి చెప్పు బిగువైతే కాలు కోసుకుంటామా అమ్మాయ్? ఇంకో జత వేసుకో" అనేవారు. కష్టమైన పుస్తకం ఒకటి పట్టుకుని చచ్చేకన్నా తేలికైనవి ఇరవై చదివి బతకమనేవారు. ఆవిడ చదువుకున్నప్పుడు ఎనిమిదేళ్లు పట్టికలు నిలబడి అప్పజెప్పారట. తప్పు చెబితే వేళ్ల మీద రూళ్లకర్ర. ఒకనాడు హాస్టల్ అటక మీద ఎవరో దొరసాని వదిలిపోయిన చిన్నపిల్లల కథల పుస్తకం దొరికితే మెట్ల మీద కూర్చుని ఒక్క పూటలో చదివేశారట. "లాటిన్‌లో నవ్వొచ్చిందమ్మా నాకు. అప్పటిదాకా ఏడుపే. నా దగ్గరికి వచ్చినవాళ్లని ముందు నవ్వించాలని ఆవేళే అనుకున్నా."

నేను గట్టిగా చదువుతుంటే ఆవిడ ఎదురుగా పీట వేసుకుని గోంగూర వలిచేవారు. చూసేది ఆకు వంకే. తప్పు చదివితే ఏమీ అనరు, వేళ్లు ఆగిపోతాయి. నేను వెనక్కి వెళ్లి సరిగ్గా చదివేదాకా అవి కదలవు. తర్వాత ఎన్ని పరీక్షలు రాశానో, ఎందరు పెద్దల ముందు నిలబడ్డానో. ఆ ఆగిన వేళ్లకి భయపడ్డట్టు దేనికీ భయపడలేదు.

ఇక యాదమ్మ. తెల్లారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లి సరుకు తెచ్చుకుని, బండి తోసుకుంటూ బోయిగూడ సందులన్నీ తిరిగి అమ్మేది. శనివారం నాలుగింటికి బండి టీచర్‌గారి ఇంటిముందు ఆపి మెట్టు మీద కూర్చునేది. టీచర్‌గారి కథల్లో మనుషులంతా ఆ సందువాళ్లే. టైలరు, పాస్టరుగారు, ఎదురింటి ముసలాయన. అందరికన్నా ఎక్కువ కథలు యాదమ్మవే. ఒకసారి ఆవిడ బండి నిండా వంకాయలు పెట్టుకుని రోమాపురికి వెళ్లింది. ఒకసారి సముద్రం దాటి సొరకాయ అమ్మింది. లాటిన్ కాదు సరికదా, యాదమ్మకి తెలుగు అక్షరాలు కూడా రావు. అందుకని ఒక ఆచారం పెట్టారు. ఆ వారం ఏ విద్యార్థి కథ చదివితే ఆ విద్యార్థి శనివారం మెట్ల మీద కూర్చుని అందులో ఏం జరిగిందో యాదమ్మకి తెలుగులో చెప్పాలి.

అదే మా పరీక్ష. అంతకన్నా గట్టి పరీక్ష ఏ కాలేజీలోనూ చూడలేదు. "గప్పుడు నేను ఏ చీర కట్టుకున్న? రాజు ఎన్ని కిలోలు అడిగిండు? తూకం ఎవరు చూసిండ్రు?" అని యాదమ్మ అడుగుతుంటే ప్రతిదానికీ జవాబు పేజీలో ఉండేది. చీర రంగుతో సహా టీచర్‌గారు రాసి ఉంచేవారు.

నా తప్పు ఇక్కడే జరిగింది. పరీక్ష ఇంకా నెల ఉందనగా నాకు వణుకు పుట్టింది. కథలు చదువుతూ కూర్చుంటే మునిగిపోతానని, ఇంకొకళ్ల దగ్గర వ్యాకరణం పుస్తకం తెచ్చుకుని టీచర్‌గారికి తెలియకుండా పట్టికలు బట్టీ పట్టడం మొదలుపెట్టాను. ఆ వారం ఇచ్చిన కథ మూడు పేజీలే చదివాను. రాజుగారు ఊరేగింపుగా బోయిగూడ వస్తారు. జనం తోపులాటలో యాదమ్మ బండి తిరగబడుతుంది. టమాటాలు వీధంతా దొర్లుతాయి. అందరూ నవ్వుతారు. మిగతా నాలుగు పేజీలూ నేను ముట్టుకోలేదు.

శనివారం యాదమ్మ వచ్చి కూర్చుంది. టీచర్‌గారు లోపల టీ పెడుతున్నారు. నేను చదివినంతా చెప్పాను.

"తర్వాత?" అంది యాదమ్మ.

"తర్వాత ఏముంది, రాజుగారు కూడా నవ్వి వెళ్లిపోయాడు. అంతే."

"టీచరమ్మ గిట్ల రాసిందా నా మీద?" అంది. రాశారన్నాను. ఆమె లేచి, టీ రాకముందే బండి తోసుకుని వెళ్లిపోయింది.

మళ్లీ శనివారం బండి రాలేదు. టీచర్‌గారి పీట ముందు గోంగూర లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"యాదమ్మ వారం నుంచి ఈ సందు మొహం చూడలేదు. పిలిస్తే పలకలేదు. ఏం చెప్పావమ్మా ఆవిడకి?"

చెప్పాను. మూడు పేజీలే చదివానని, మిగతాది నేనే కల్పించానని ఒప్పుకున్నాను. అప్పుడు ఆవిడ నాకు తెలియని సంగతి ఒకటి చెప్పారు. కిందటి వానాకాలం యాదమ్మ బండి నిజంగానే తిరగబడింది. స్టేషన్ దగ్గర, మిట్టమధ్యాహ్నం, జనం మధ్య. టమాటాలు ఏరుకుంటుంటే చుట్టూ ఉన్నవాళ్లు నిలబడి నవ్వారట. కొందరు చేతికందినవి పట్టుకుపోయారట. ఇక్కడికి వచ్చి ఈ మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. ఆ మాట టీచర్‌గారికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

తిడితే బాగుండుననిపించింది. ఆవిడ తిట్టలేదు. "కథలో తర్వాత ఏముందో నీకు తెలీదు కదూ?" అన్నారు.

"తెలీదండి. మీరు చెప్పండి, వెళ్లి చెప్పేస్తాను."

"నేను చెప్పను. చదువు. పరీక్ష కోసం కాదు."

మెట్ల మీద కూర్చుని నాలుగో పేజీ తిప్పాను. డిక్షనరీ గుర్తు రాలేదు. ఏ మాట ఏ పట్టికలోదో గుర్తు రాలేదు. ఆ బండి మళ్లీ లేవాలి, ఆ మనిషికి ఏదో ఒక మేలు జరగాలి, అదొక్కటే నాకు కావాలి. కథలో అందరూ నవ్వుతుంటే రాజు గుర్రం దిగుతాడు. వీధిలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క టమాటా ఏరి, తన పట్టు ఉత్తరీయంతో తుడిచి బండిలో పెడతాడు. అది చూసి మంత్రి దిగుతాడు. నవ్వినవాళ్లంతా నోరు మూసుకుని వంగుతారు. టైలరు, పాస్టరుగారు, అందరూ. చివరి టమాటా మురిక్కాలవలో ఉంటే రాజే చెయ్యి పెట్టి తీస్తాడు. అప్పుడు యాదమ్మ త్రాసు ఎత్తి, "ఇప్పుడు చెప్పండి, ఎవరికి ఎన్ని కావాలి?" అంటుంది. ఆ కథ నాకోసం రాసింది కాదు. యాదమ్మకి చెప్పించడం కోసం రాసి, ఆ పని నమ్మకంగా నా చేతిలో పెట్టారు. చదవడం అయ్యాక చూస్తే నా కళ్లు తడిగా ఉన్నాయి, పేజీ మీద ఎక్కడా నేను ఆగలేదు.

నోటుబుక్కు పట్టుకుని యాదమ్మ ఇంటికి పరిగెత్తాను. ఆమె గుమ్మంలో ఉల్లిపాయలు ఏరుతోంది, తలెత్తలేదు. అబద్ధం చెప్పానని, క్షమించమని అడిగాను. "ఇప్పుడు చెప్పేది నిజమని నాకెట్ల తెలుస్తది?" అంది. ఆమే ఉపాయం చెప్పింది. "ఏడ రాసి ఉన్నదో వేలు పెట్టి చూపించు. వేలు పెట్టి చెప్పు."

ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి లాటిన్ చదివి తెలుగులో చెప్పుకొచ్చాను. రాజు మోకాళ్ల మీద కూర్చున్న చోట నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇదేనా, కూసున్న మాట?" ఇదేనన్నాను. "మల్ల చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. సాయంత్రం బండి టీచర్‌గారి ఇంటిముందుకి వచ్చింది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తనేలేదు. యాదమ్మ గోంగూర కట్టలు రెండు మెట్టు మీద పెట్టింది, టీచర్‌గారు టీ తెచ్చారు. ఆనాటి నుంచి ఎవరు కథ చెప్పినా వేలు పెట్టి చెప్పాల్సిందే.

పరీక్షలో చూడని పేరా ఒకటిచ్చారు. ఇద్దరు రైతులు, వాళ్ల మధ్య ఒక బావి. బావి ఎవరికి దక్కుతుందోనన్న ఆత్రంలో అది పరీక్షన్న సంగతే మరిచిపోయాను. పాసయ్యాను. నాన్న ఆ ఆదివారం గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డారో చెప్పక్కర్లేదు. టీచర్‌గారికి చెప్పడానికి వెళ్తే మార్కులు అడగలేదు. "కథ బాగుందా? బావి ఎవరికి దక్కింది?" అన్నారు. వ్యాకరణం పుస్తకం ఇంకా బియ్యం డబ్బా మీదే ఉంది, మూత మీద బరువుకి పనికొస్తోంది. నేను అడగలేదు, ఆవిడ ఇవ్వలేదు.

ఇప్పుడు నేనే లాటిన్ పాఠం చెబుతున్నాను. ఆవిడ నోటుబుక్కుల జిరాక్సులతోనే మొదలుపెడతాను. అచ్చు వేయిద్దామని ఎన్నోసార్లు అడిగాను. "వద్దులే. అచ్చువాళ్లు ముందు యాదమ్మని తీసేసి ఎవరో రోమను దొరసానిని పెట్టమంటారు" అన్నారు. చూపు మందగించాక అక్షరాలు పెద్దవయ్యాయి, పేజీకి నాలుగు వరసలే పట్టేవి, అయినా మానలేదు. ఎనభై దాటిన మనిషి, ప్రతివారం కొత్త మాటలు ఎంచుకుని, అవి ఎవరి నోట పలికిస్తే బాగుంటుందా అని ఆలోచిస్తూ కూర్చోవడం చూసి నాకు సిగ్గేసేది. నేను పాఠాన్ని అంత ప్రేమగా ఏనాడూ సిద్ధం చేసుకోలేదు.

శనివారం సమాధి కార్యక్రమం అయింది. పాటలు పాడుతున్నంతసేపూ యాదమ్మ శ్మశానం గేటు దగ్గరే నిలబడింది. తర్వాత ఇద్దరం బోయిగూడ వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఆమె కొంగులోంచి ఆ సగం కథ నోటుబుక్కు తీసింది. "ఎవల్ని చదవనియ్యలే. నువ్వొస్తవని దాచిన. వేలు పెట్టి చెప్పు."

అన్ని కథల్లోకీ టీచర్‌గారు తనని తాను పెట్టుకున్నది అదొక్కటే. చూపు పోయిన ఒక ముసలి టీచరు ఉంది. ఆవిడ అందరినీ రోమాపురికి పంపింది గానీ తను బోయిన్‌పల్లి మార్కెట్ ఎన్నడూ చూడలేదు. ఒకనాడు యాదమ్మ బండి ఖాళీ చేసి, గోనెపట్టా పరిచి, ఆవిడని కూర్చోబెట్టి తోసుకుంటూ వెళ్లింది. దారిలో కొత్తిమీర వాసన, తర్వాత పచ్చిమిర్చి ఘాటు. టీచరు తుమ్మింది. యాదమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుంది. మార్కెట్ గేటు దగ్గర కాపలావాడు బండి ఆపాడు. "ఈ ముసలావిడ నీకేమవుతుంది?" అని అడిగాడు. యాదమ్మ ఇలా అంది.

నేను ఆగాను.

"నేను ఏమన్న?" అంది యాదమ్మ.

తర్వాత తెల్ల కాగితం. పేజీ తిప్పాను, అదీ తెలుపే. ఏదో ఒకటి చెప్పి ఆమెని ఊరడించాలని నోటిదాకా వచ్చింది. ఒకప్పుడైతే చెప్పేదాన్నే. ఆ ఖాళీ చోట వేలు పెట్టాను. "ఇక్కడిదాకే రాశారు, యాదమ్మా."

ఆమె నా వేలి వంక చూసింది. "నిజమే చెప్తున్నవ్" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "'మా అక్క' అని అన్న. రాయి."

లోపలికి వెళ్లి టీచర్‌గారి కలాలు తెచ్చాను. అన్ని నోటుబుక్కుల్లోనూ అక్క అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. అది కొత్త మాట, అందుకని ఎర్ర సిరాతో రాశాను. యాదమ్మ ముందుకి వంగి దాని మీద వేలు పెట్టింది.

"ఇదేనా?"

"ఇదే."

సిరా ఇంకా ఆరలేదు. వేలి కొసకి ఎర్రగా అంటుకుంది. ఆమె వేలు అక్కడే ఉంచింది.